ఫారాలన్నిటికీ ఒకేసారి తేదీ చెకింగ్: ఏది ఆటోమేటిక్‌గా అవుతుంది, ఏది మనం చెప్పాలి

పాత వెబ్ అప్లికేషన్ ఒకటి చేతికొచ్చింది అనుకోండి. అందులో పదుల కొద్దీ ఫారాలు. పుట్టిన తేదీ, ఉద్యోగంలో చేరిన తేదీ, బిల్లు తేదీ, సెలవు మొదలయ్యే రోజు, లైసెన్సు గడువు, ఇలా ఎక్కడ చూసినా తేదీలే. కొన్నిచోట్ల చెకింగ్ ఉంది, కొన్నిచోట్ల లేదు, ఉన్నచోట కూడా ఒక్కో డెవలపర్ ఒక్కో రకంగా రాసి వెళ్లిపోయాడు. అప్పుడు మేనేజర్ అడిగేది ఒకటే: "అన్ని ఫారాలకీ ఆటోమేటిక్‌గా పనిచేసేలా ఒక్కచోట పెట్టేస్తే అయిపోదా?"

సగం అయిపోతుంది. "ఇది క్యాలెండర్‌లో నిజంగా ఉన్న తేదీయేనా" అన్న ప్రశ్నకి అన్ని ఫీల్డుల్లోనూ జవాబు ఒకటే కాబట్టి దాన్ని ఒక్కచోట రాసి అన్నిటికీ తగిలించొచ్చు. "ఈ తేదీ ఇక్కడ చెల్లుతుందా" అన్నది మాత్రం ఫీల్డు ఫీల్డుకీ మారుతుంది, అది ఏ లైబ్రరీకీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌కీ) దానంతట అదే తెలియదు, ఆ పని తెలిసిన మనిషిని అడిగి ఒక్కో ఫీల్డుకీ రాసుకోవాల్సిందే. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకే ఫంక్షన్‌లో కలిపేసిన చోటే ఎక్కువ చిక్కులు వస్తాయి. అందుకే విడదీసి చూద్దాం.

పేరు చూసి తేదీ అనుకోవద్దు

చెకింగ్ తగిలించాలంటే ముందు తేదీ ఫీల్డులు ఏవో తెలియాలి. చాలామందికి మొదట తట్టే ఉపాయం, ఫీల్డు పేరులో ఎక్కడైనా డేట్ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉంటే దాన్ని తేదీగా లెక్కేయడం. చూడ్డానికి బాగానే ఉంటుంది, మూడు లైన్ల కోడ్‌తో పని అయిపోతుంది. కానీ క్యాండిడేట్ స్పెల్లింగ్‌లో డేట్ ఉంది, అప్‌డేట్‌లో ఉంది, బ్యాంకు ఈఎంఐలకి ఇచ్చే మాండేట్‌లోనూ ఉంది. ఉద్యోగానికి అప్లై చేసే అమ్మాయి తన పేరు టైప్ చేయగానే "తేదీ సరిగా లేదు" అని ఎర్రలైను వస్తుంది. మరోపక్క డీఓబీ అని పేరు పెట్టిన పుట్టిన తేదీ, వ్యాలిడ్ టిల్ అని పేరు పెట్టిన గడువు ఏ చెకింగూ లేకుండా లోపలికి వెళ్లిపోతాయి.

ఊహించడం మానేసి, ప్రతి తేదీ ఫీల్డు తాను తేదీనని తానే చెప్పేలా చేయాలి. హెచ్‌టీఎంఎల్‌లో ఇన్‌పుట్ టైప్‌ని డేట్ అని ఇవ్వడం ఒక దారి, డేటా అన్న ముక్కతో మొదలయ్యే సొంత యాట్రిబ్యూట్ (ట్యాగ్‌లో రాసే అదనపు గుర్తు) పెట్టుకోవడం ఇంకో దారి. వీటికంటే నాకు నచ్చేది, సర్వర్ వైపు మోడల్‌లో (డేటా ఏ రూపంలో ఉండాలో చెప్పే కోడ్‌లో) ఆ ఫీల్డు రకం ఒక్కసారి రాస్తే ఫారం తయారయ్యేటప్పుడు ఆ గుర్తు దానంతట అదే పడే పద్ధతి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో డేట్‌ఫీల్డ్ అని రాస్తే సర్వర్ వైపు ఫారంలో అది దానంతట అదే తేదీ ఫీల్డు అవుతుంది, హెచ్‌టీఎంఎల్‌లో టైప్ డేట్ కావాలంటే మాత్రం మనమే చెప్పాలి. మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీలో డేట్‌టైమ్ రకం ప్రాపర్టీ కనిపిస్తే చాలు, బ్రౌజర్‌లో తేదీ చెకింగ్‌కి కావాల్సిన యాట్రిబ్యూట్‌ని ఫ్రేమ్‌వర్కే పెట్టేది. పాత సిస్టమ్‌లలో తేదీల్ని డేటాబేస్‌లో మామూలు టెక్స్ట్‌గా దాచిన కాలమ్‌లు కూడా ఉంటాయి, వాటిని మాత్రం ఒకసారి ఓపిగ్గా కూర్చుని గుర్తుపట్టాలి. దానికి దగ్గరదారి లేదు.

రోజు ముందా, నెల ముందా

ఎంవీసీ సంగతి వచ్చింది కాబట్టి, అక్కడ ఏమైందో చెప్పుకోవాలి. ఆ యాట్రిబ్యూట్ చూసి పనిచేసేది, బ్రౌజర్‌లో ఫారాల్ని చెక్ చేసే జేక్వెరీ వాలిడేషన్ ప్లగిన్. అది తేదీని చెక్ చేసే తీరు ఏమిటంటే, టైప్ చేసిన టెక్స్ట్‌ని తీసుకెళ్లి జావాస్క్రిప్ట్ డేట్‌కి ఇచ్చి, అది ఒప్పుకుందా లేదా అని చూడటం. జావాస్క్రిప్ట్ ఇంజిన్లు వాలు గీతలతో రాసిన తేదీలో నెల ముందు వస్తుందనుకుంటాయి, అది అమెరికా అలవాటు. మనం 25/12/2023 అని రాస్తే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి తప్పంటుంది. ఇది నయం, వెంటనే కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. 05/04/2024 అని రాస్తే మాత్రం కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది. మన ఏప్రిల్ 5 అక్కడ మే 4 అయిపోతుంది, నెలలో మొదటి 12 రోజులకీ ఇదే ప్రమాదం. ఎర్రర్ లేదు, లాగ్ లేదు, తప్పు తేదీ నిశ్శబ్దంగా డేటాబేస్‌లోకి చేరుతుంది. నన్నడిగితే తేదీ బగ్‌లన్నిటిలోకీ చెడ్డది ఇదే, ఎందుకంటే బయటపడేసరికి ఏది నిజమైన ఏప్రిల్ 5, ఏది తారుమారైనదో చెప్పే ఆధారం మిగలదు.

సర్వర్ వైపు కూడా ఈ గందరగోళం ఉంది. పీహెచ్‌పీలో స్ట్ర్‌టుటైమ్ ఫంక్షన్ వాలు గీత చూస్తే అమెరికా పద్ధతి అనుకుంటుంది, అదే అడ్డగీత చూస్తే రోజు ముందు వచ్చే పద్ధతి అనుకుంటుంది. అంటే 05/04/2024, 05-04-2024 రెండూ దానికి వేర్వేరు రోజులు. జాంగో సెట్టింగ్స్‌ని అమెరికన్ ఇంగ్లీషులోనే వదిలేస్తే అది కూడా నెలే ముందు చదువుతుంది. కాబట్టి అప్లికేషన్ మొత్తానికి ఒకటే ఇన్‌పుట్ ఫార్మాట్ నిర్ణయించి, పార్స్ చేసే (టెక్స్ట్‌ని తేదీగా చదివే) ప్రతిచోటా ఆ ఫార్మాట్‌ని పేరు పెట్టి చెప్పాలి. "నువ్వే చూసి అర్థం చేసుకో" అని లైబ్రరీకి వదలకూడదు.

బ్రౌజర్ ఇచ్చే డేట్ ఇన్‌పుట్ వాడితే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. అందులో తెర మీద కనిపించేది వాడేవారి బ్రౌజర్ భాషని బట్టి మారినా, మన కోడ్‌కి అందే విలువ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరసలోనే ఉంటుంది, అది తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 పద్ధతి. డెస్క్‌టాప్ సఫారీలో ఇది 2021లో వచ్చిన 14.1 వెర్షన్‌తో అందుబాటులోకి వచ్చింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా వాడొచ్చు. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. బ్రౌజర్ అమెరికన్ ఇంగ్లీషులో ఉంటే వాడేవారికి నెల ముందే కనిపిస్తుంది, మనం అది మార్చలేం. రెండోది, గరిష్ఠ పరిమితి ఇవ్వకపోతే క్రోమ్ సంవత్సరానికి ఆరంకెల దాకా ఒప్పుకుంటుంది, ఎందుకంటే జావాస్క్రిప్ట్ తేదీలు 275760 సెప్టెంబర్ 13 దాకా వెళ్తాయి. 2024 అని టైప్ చేయబోయి ఇంకో 4 కొడితే 20244. అందుకే ప్రతి తేదీకీ కనిష్ఠం, గరిష్ఠం ఉండాలి, వేరే రూల్ ఏదీ లేకపోతే కనీసం 1900 నుంచి 2100 అని పెట్టండి.

ఫిబ్రవరి 30కి ఎవరు ఏమంటారు

2023 ఫిబ్రవరి 30. ఇలాంటి తేదీ లేదని చిన్నపిల్లలకీ తెలుసు. జావాస్క్రిప్ట్ డేట్‌కి సంవత్సరం, నెల, రోజు అంకెలుగా విడివిడిగా ఇస్తే మార్చి 2 అంటుంది. జావాలో పాత సింపుల్ డేట్ ఫార్మాట్ కూడా మామూలుగా వాడితే మార్చి 2 అనే అంటుంది. జావాలోనే 2014లో వచ్చిన కొత్త టైమ్ ప్యాకేజీని సొంత ప్యాటర్న్ ఇచ్చి వాడితే ఫిబ్రవరి 28 అంటుంది. పైథాన్ స్ట్ర్‌ప్‌టైమ్ మాత్రం నేరుగా ఎర్రర్ ఇస్తుంది. బ్రౌజర్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి వాడే అప్లికేషన్‌లో ఒకే టెక్స్ట్ రెండు చోట్ల రెండు రోజులుగా మారొచ్చు, రెండు వైపులా చెకింగ్ "పాస్" అయినట్టే కనిపిస్తుంది.

మనకి కావాల్సింది పైథాన్ తరహా మొండితనం. జావాలో పాతదైతే లీనియెంట్‌ని (లేని తేదీని సర్దేసే సెట్టింగ్‌ని) ఆఫ్ చేయాలి, కొత్తదైతే రిజాల్వర్‌ని స్ట్రిక్ట్‌కి మార్చాలి. స్ట్రిక్ట్‌లో సంవత్సరానికి నాలుగు వై అక్షరాల బదులు నాలుగు యూ అక్షరాలు రాయాలి, లేకపోతే సరైన తేదీని కూడా ఒప్పుకోదు, దీని దగ్గర చాలామంది గంటలు పోగొట్టుకుంటారు. పీహెచ్‌పీలో చెక్‌డేట్ ఉంది, దానికి నెల ముందు ఇవ్వాలి. జావాస్క్రిప్ట్‌లో నమ్మకమైన పద్ధతి ఒకటుంది. అంకెల్ని విడదీసి తేదీ తయారుచేసి, దాంట్లోంచి మళ్లీ రోజు, నెల, సంవత్సరం బయటికి తీసి ఇచ్చినవాటితో పోల్చడం. ఏ ఒక్కటి మారినా ఆ తేదీ లేనట్టే. ఇప్పుడిప్పుడే బ్రౌజర్లలోకి వస్తున్న టెంపోరల్‌లో (జావాస్క్రిప్ట్ కొత్త తేదీ సదుపాయంలో) ఈ పని సులువు, కాకపోతే అక్కడ కూడా ఫ్రమ్ అన్న ఫంక్షన్‌కి అంకెలు విడిగా ఇచ్చినప్పుడు రిజెక్ట్ అని మనం చెప్పాలి, చెప్పకపోతే నెలాఖరు రోజుకి సర్దేస్తుంది.

రెండంకెల సంవత్సరాన్ని అసలు ఒప్పుకోకపోవడమే మంచిది. పైథాన్‌లో 69 నుంచి 99 దాకా 1900ల్లోకి, 00 నుంచి 68 దాకా 2000ల్లోకి వెళ్తాయి, అంటే 1955లో పుట్టిన పెద్దాయన 55 అని రాస్తే ఆయన 2055లో పుడతాడు. ఇంకో చిన్న సంగతి, మన తెలుగు అంకెల గురించి. ౧౫ అని ఎవరైనా రాస్తే పైథాన్ దాన్ని అంకెగా గుర్తించి 15 అనే చదువుతుంది, జావాస్క్రిప్ట్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (టెక్స్ట్‌ని పోల్చి చూసే నమూనాలో) అంకెల గుర్తు మాత్రం 0 నుంచి 9 దాకానే చూస్తుంది. తెలుగు అంకెలు తీసుకుంటారా లేదా ముందే తేల్చుకుని, తీసుకుంటే మొదటి మెట్టులోనే మామూలు అంకెలుగా మార్చేయండి.

తేదీ అంటే గడియారం కాదు

పుట్టిన తేదీకి టైమ్‌జోన్ ఉండదు. మన ప్రోగ్రామింగ్ భాషల్లో చాలావాటికి ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. జావాస్క్రిప్ట్ డేట్ పేరుకి డేట్, లోపల అది ఒక క్షణం, యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటిగా ఉన్న ప్రామాణిక సమయం) లెక్కలో ఇన్ని మిల్లీసెకన్లు అని. మనవాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని క్యాలెండర్‌లో ఆగస్టు 15 ఎంచుకుంటే, కొన్ని డేట్‌పికర్లు దాన్ని ఇక్కడి అర్ధరాత్రిగా పట్టుకుంటాయి. జేసన్‌లోకి (డేటా పంపే టెక్స్ట్ రూపంలోకి) మార్చి సర్వర్‌కి పంపేటప్పుడు అది యూటీసీ అవుతుంది, మనం అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి ఆగస్టు 14 సాయంత్రం 6:30 అవుతుంది. సర్వర్ టైమ్ భాగాన్ని కత్తిరించి 14 అని దాచుకుంటుంది. చెకింగ్ అంతా సరిగ్గానే జరిగింది, రెండూ నిజమైన తేదీలే, కానీ ఒక రోజు పోయింది. ఆ ఫారం తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకో రోజు పోయే అప్లికేషన్లు కూడా ఉంటాయి.

ఇదే కోడ్ డల్లాస్‌లో ఉన్న తెలుగు డెవలపర్ మెషీన్‌లో వేరేలా తప్పుతుంది. సంవత్సరం-నెల-రోజు అని మాత్రమే ఉన్న టెక్స్ట్‌ని జావాస్క్రిప్ట్ యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది, అమెరికాలో దాన్ని లోకల్ టైమ్‌లో చూపిస్తే ముందురోజు పడుతుంది. ఇక్కడ మనకి అదే టెక్స్ట్ ఉదయం 5:30గా వస్తుంది కాబట్టి రోజు మారదు, అందుకని మన దగ్గర టెస్టింగ్‌లో ఈ రకం బగ్ ఎప్పటికీ దొరకదు. విశాఖలో బాగా పనిచేసింది టెక్సస్‌లో ఎందుకు చెడిందని రెండు టీమ్‌లూ వాదించుకుంటూ ఉంటాయి.

దీనికి మందు చిన్నదే. తేదీ మాత్రమే కావాల్సిన చోట మొదటి నుంచి చివరి దాకా ఆ సంవత్సరం-నెల-రోజు టెక్స్ట్‌నే పట్టుకెళ్లండి, జావాలో లోకల్‌డేట్, పైథాన్‌లో డేట్, డేటాబేస్‌లో డేట్ కాలమ్. ఎక్కడా టైమ్ కలపొద్దు. ఆ పది అక్షరాల టెక్స్ట్‌ని అలాగే పోల్చినా ఏది ముందో ఏది వెనకో సరిగ్గానే తెలుస్తుంది, సంవత్సరం ముందుండటం వల్ల వచ్చిన లాభం ఇది.

"ఇవాళ" అన్న మాట దగ్గర మాత్రం టైమ్‌జోన్ తప్పదు. భవిష్యత్తు తేదీ ఇవ్వకూడదన్న రూల్ చాలా ఫారాల్లో ఉంటుంది. సర్వర్లు ఎక్కువగా యూటీసీలో నడుస్తాయి. రాత్రి రెండింటికి డ్యూటీలో ఉన్న నర్సు ఇవాళ్టి తేదీ వేస్తే సర్వర్‌కి ఇంకా నిన్ననే, కాబట్టి "భవిష్యత్తు తేదీ" అని తిప్పికొడుతుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 దాకా రోజూ ఇదే వరస, పగలు ఎవరు చూసినా బాగానే ఉంటుంది. ఇవాళ అంటే ఎవరి ఇవాళ అన్నది రాసిపెట్టుకోవాలి. భారతదేశపు ఆఫీసు కోసం రాసిన ఫారమైతే సర్వర్ ఏ దేశంలో ఉన్నా, నింపేవారు న్యూజెర్సీలో ఉన్నా, కోల్‌కతా టైమ్‌జోన్‌లో ఇవాళే ఇవాళ.

ఇక చెల్లుతుందా లేదా

ఇక్కడి నుంచి ఆటోమేటిక్ అన్న మాటకి హద్దు పడుతుంది. ఒక్కో తేదీ ఫీల్డుకీ ఒక రకం పేరు పెట్టండి: పుట్టిన తేదీ, జరిగిపోయిన సంఘటన, జరగబోయేది, గడువు, కాలవ్యవధిలో మొదలు, కాలవ్యవధిలో చివర. ఒక్కో రకానికీ రూల్స్ ఒక్కచోట ఉంటాయి, ఫీల్డు తన రకం చెబితే రూల్స్ వచ్చి తగులుతాయి. దీనివల్ల అప్లికేషన్ మొత్తంలో రూల్స్ పదికి మించవు, ఏ ఫీల్డుకి ఏ రూలో ఎవరైనా చదివి చెప్పగలరు.

రూల్ ఏమిటో డెవలపర్ ఊహించకూడదు. వయసునే తీసుకోండి. 18 నిండాయా అని అడిగితే ఏ రోజుకి నిండాలి? ఓటరు నమోదుకి ఫారం నింపిన రోజు లెక్క కాదు, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని అర్హత తేదీలు ఉన్నాయి, 2021 సవరణకి ముందు జనవరి 1 ఒక్కటే ఉండేది. 1875 నాటి ఇండియన్ మెజారిటీ యాక్ట్ ప్రకారం పుట్టిన రోజుని పూర్తి రోజుగా లెక్కేసి, పద్దెనిమిదో పుట్టినరోజు మొదలవగానే మేజర్ అయినట్టు. అంటే ఆ రోజు కూడా చెల్లుతుంది. మన కోడ్‌లో "కంటే ఎక్కువ" అని రాశామా, "ఎక్కువ లేదా సమానం" అని రాశామా అన్నదాని మీద సరిగ్గా ఆ రోజు అప్లై చేసే పిల్లల సంగతి ఆధారపడి ఉంటుంది. వయసుని 365తో భాగించి లెక్కేసే కోడ్ కనిపిస్తే వెంటనే తీసేయండి, లీపు రోజులు పేరుకుని పద్దెనిమిదేళ్లకి నాలుగైదు రోజుల తేడా వస్తుంది.

ఫిబ్రవరి 29 దగ్గర పెద్ద కంపెనీలే బోల్తా పడ్డాయి. 2012లో అదే రోజు మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్ పెద్ద ఎత్తున నిలిచిపోయింది. ఏడాది చెల్లుబాటు ఉండే సర్టిఫికెట్ తయారుచేయడానికి వాళ్ల కోడ్ ఇవాళ్టి తేదీలో సంవత్సరానికి ఒకటి కలిపింది, దాంతో 2013 ఫిబ్రవరి 29 అనే లేని తేదీ పుట్టింది, సర్టిఫికెట్లు తయారవలేదు. మనం టైప్ చేయించుకునే తేదీల్ని ఎంత జాగ్రత్తగా చూస్తామో మన కోడ్ లెక్కేసే తేదీల్ని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. రెన్యూవల్ గడువు, వారంటీ చివరి రోజు ఇవన్నీ అదే స్ట్రిక్ట్ ఫంక్షన్‌లోంచి వెళ్లాలి.

అకౌంట్స్ ఫారాల్లో ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. "ఈ నెల బిల్లులే తీసుకో" అని రూల్ పెడితే మార్చి 31 బిల్లుని ఏప్రిల్ 3న ఎక్కించే గుమస్తా ఇరుక్కుపోతాడు. ఇలాంటి చోట ఆపేయడం కాకుండా "ఇది పోయిన ఆర్థిక సంవత్సరం బిల్లు, సరేనా?" అని అడిగి వదిలేయడం మేలు. ప్రతి రూలూ అడ్డుగోడ కానక్కర్లేదు.

అన్నిటికంటే నా మనసుకి పట్టేది సగం తెలిసిన తేదీల సంగతి. మన ఊళ్లలో ఇప్పటికీ పుట్టిన రోజు తెలియని పెద్దలు లక్షల్లో ఉంటారు, మొదట్లో ఇచ్చిన ఆధార్ కార్డుల్లో చాలావాటి మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది. మన ఫారం రోజూ నెలా కావాలని పట్టుబడితే కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు జనవరి 1 అని కొట్టేస్తారు, ఆ తర్వాత ఇంకో రికార్డులో ఇంకో తేదీ ఉంటుంది, రెండూ కలవవు, ఆ ముసలావిడ పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. సంవత్సరం మాత్రమే తెలుసు అని చెప్పే వీలు ఫారంలో ఉండాలి, డేటాబేస్‌లో ఆ తేదీ పక్కన ఇది అంచనా అని ఒక కాలమ్ ఉండాలి. వాలిడేషన్ గట్టిగా ఉండటమంటే మనుషుల చేత అబద్ధం రాయించడం కాకూడదు.

ఫారానికి తగిలించేటప్పుడు

ఒక్కో ఫీల్డుకీ విడిగా లిజనర్ (ఫీల్డులో ఏదైనా జరిగినప్పుడు నడిచే కోడ్) పెడితే, ప్లస్ బటన్ నొక్కి కొత్తగా చేర్చిన వరసలకి చెకింగ్ రాదు. పైన డాక్యుమెంట్ స్థాయిలో ఒక్క లిజనర్ పెడితే తర్వాత పుట్టే ఫీల్డులూ అందులోకే వస్తాయి. ఫీల్డులోంచి బయటికి రాగానే పుట్టే బ్లర్ ఈవెంట్ డాక్యుమెంట్ దాకా పైకి రాదు, ఫోకస్‌అవుట్ వస్తుంది, అది వాడండి. టైప్ చేస్తుండగా ప్రతి అంకెకీ చెక్ చేయొద్దు. డేట్ ఇన్‌పుట్‌లో 2024 టైప్ చేస్తుంటే మధ్యలో సంవత్సరం 0002, 0020, 0202 అవుతుంది, మూడుసార్లు తిట్టించుకున్నాక మనిషికి టెన్షన్ వస్తుంది.

తప్పనిసరి అని పెట్టిన ఫీల్డుని రీడ్‌ఓన్లీ చేస్తే బ్రౌజర్ దాన్ని చెక్ చేయదు. క్యాలెండర్‌లోంచే ఎంచుకోవాలని టెక్స్ట్ బాక్స్‌ని రీడ్‌ఓన్లీ చేసే డేట్‌పికర్లు చాలా ఉన్నాయి, అక్కడ ఖాళీ ఫారం హాయిగా వెళ్లిపోతుంది. ఇంకోటి, డేట్ ఇన్‌పుట్‌లో సగం నింపినా, లేని తేదీ కొట్టినా మన కోడ్‌కి విలువ ఖాళీగానే అందుతుంది. విలువని మాత్రమే చూసే కోడ్ "ఖాళీగా వదిలేశారు, తప్పనిసరి కాదు కదా" అని వదిలేస్తుంది, వాడేవారేమో తేదీ ఇచ్చాననుకుంటారు. బ్యాడ్ ఇన్‌పుట్ అని బ్రౌజర్ విడిగా చెబుతుంది, దాన్ని చూడాలి. స్క్రిప్ట్‌లోంచి ఫారాన్ని సబ్మిట్ అని పిలిస్తే చెకింగ్ మొత్తం దాటిపోతుంది, రిక్వెస్ట్ సబ్మిట్ అని పిలిస్తే జరుగుతుంది.

ఎర్రర్ మాటల మీద కాస్త శ్రద్ధ పెట్టండి. "చెల్లని తేదీ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఏప్రిల్‌లో 31వ తేదీ లేదు", "సెలవు ముగిసే రోజు మొదలయ్యే రోజు కంటే ముందుంది", "సంవత్సరం కూడా రాయండి" అంటే వెంటనే దిద్దుకుంటారు. పుట్టిన తేదీకి క్యాలెండర్ విప్పి అరవై ఏళ్లు వెనక్కి నొక్కించడం కంటే రోజు, నెల, సంవత్సరం అని మూడు చిన్న బాక్సులు ఇవ్వడం నయం, బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ చాలాకాలంగా చెప్తున్నది ఇదే.

బ్రౌజర్‌లో చేసేదంతా వాడేవారి సౌకర్యం కోసం, ఎవరైనా దాన్ని తప్పించుకోగలరు. తీర్పు సర్వర్‌ది. ఆఖరి కాపలా డేటాబేస్‌ది, దాన్ని వదులుగా ఉంచొద్దు. మైఎస్‌క్యూఎల్ పాత సెట్టింగ్స్‌లో అన్నీ సున్నాలున్న తేదీని కూడా దాచుకునేది, 5.7 నుంచి మామూలుగా ఒప్పుకోదు, కానీ పాత అప్లికేషన్ కోసమని ఎవరో ఆ మోడ్‌ని ఆఫ్ చేసి ఉండొచ్చు, చూసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌టైమ్ కాలమ్ 1753 జనవరి 1 నుంచే మొదలవుతుంది, డాట్ నెట్‌లో ఖాళీ డేట్‌టైమ్ అంటే 0001 జనవరి 1, ఖాళీగా వదిలేసిన ఫీల్డు సేవ్ చేస్తే వచ్చే ఆ అర్థంకాని ఎర్రర్‌కి చాలాసార్లు కారణం ఇదే.

నడుస్తున్న అప్లికేషన్‌లో ఇదంతా ఒకే రాత్రి ఆన్ చేయొద్దు. పాత రికార్డుల్లో చెడ్డ తేదీలు తప్పకుండా ఉంటాయి. ఫోన్ నంబరు మార్చుకుందామని ప్రొఫైల్ తెరిచినవారిని, పదేళ్ల కిందట ఎవరో తప్పు కొట్టిన చేరిన తేదీ దగ్గర ఆపేస్తే వారు చేయగలిగింది ఏమీ లేదు, దాన్ని దిద్దే అధికారం కూడా వారికి ఉండదు. ఎడిట్ ఫారంలో మారిన ఫీల్డుల్నే గట్టిగా చెక్ చేసి, పాతవాటిని విడిగా రిపోర్టుకి పంపండి. కొత్త రూల్స్‌ని మొదట కొన్ని వారాలు లాగ్‌లో రాసుకునేలా మాత్రమే నడపండి, ఎవరినీ ఆపొద్దు. ఏ ఫీల్డులో ఎక్కువ తప్పులు పడుతున్నాయో ఆ లాగే చెబుతుంది, చాలాసార్లు అక్కడ తప్పు మనుషులది కాదు, ఫారం మీద రోజు ముందా నెల ముందా రాయకపోవడమే. అది దిద్దాక ఒక్కో ఫారానికీ ఆన్ చేసుకుంటూ పోండి, అకౌంట్స్ ఫారాల జోలికి మాత్రం మార్చి చివరి వారంలో వెళ్లకండి.